సెలవులకి సైకిలెక్కి ఎటు పోదాం?



పోయిన భాగంలో హాస్టల్ మెస్సుల గురించి రాసినదానికి మీరు పంపిన సంగతులు ఇంకా చదువుతూనే ఉన్నాను. వాటి మీద వచ్చే వారం రాస్తాను. ఈ వారం కాస్త గాలి పీల్చుకుందాం. సైకిలు సంగతి చెప్తాను.

డిసెంబరు ఆఖర్లో ఐదు రోజులు ఖాళీ దొరికింది. నేను, మా అన్న కూతురు, నాతోపాటు హాస్టల్లో చదువుకుని ఇప్పుడు రైల్వేలో పనిచేస్తున్న నా స్నేహితురాలు. ముగ్గురం ఆడవాళ్ళం, మూడు సైకిళ్ళు. ఎక్కడికైనా పోయి, రోజుకి ముప్పై నలభై కిలోమీటర్లు తొక్కి, అక్కడి మనుషుల్నీ తిండినీ మాటనీ చూసి రావాలని కోరిక. నవ్వుకుంటే నవ్వుకోండి గానీ, ఎటు పోవాలో తేల్చుకోడానికే మాకు మూడు వారాలు పట్టింది. మధ్యలో రెండుసార్లు అలకలు, ఒకసారి ఫోన్ పెట్టేయడాలు కూడా అయ్యాయి. సెలవుకి ఊరు ఎంచుకోవడం అంత కష్టమా అంటే, మన లాంటివాళ్ళకి కష్టమే. ఎందుకో చెప్తాను.

ముందు ఈ 'లోకల్ కల్చర్' అనే మాట చూడండి. హైదరాబాదులో ఇప్పుడు సైకిలు తొక్కడం ఒక హోదా అయింది. మా నాన్న సైకిలు మీద తిరిగితే లేనోడు అన్నారు, లక్ష రూపాయల సైకిలు మీద తిరిగేవాణ్ణి ఫిట్‌నెస్ ఉన్నోడు అంటున్నారు. వాళ్ళ కోసం టూర్లు నడిపేవాళ్ళున్నారు. మా పిల్ల నాలుగైదు ప్యాకేజీలు తెచ్చి చూపించింది. అన్నిట్లోనూ స్థానిక సంస్కృతి ఉంది. అంటే ఏమిటయ్యా అని చదివితే, పొద్దున గుడి, మధ్యాహ్నం అరిటాకులో శాకాహార భోజనం, సాయంత్రం ఎడ్లబండి మీద షికారు, కుమ్మరి చక్రం దగ్గర ఫొటో. ఒక దాంట్లో డప్పు కూడా ఉంది. రాత్రి చలిమంట చుట్టూ డప్పు. అది కొట్టే మనిషి ఎక్కడుంటాడు, ఆ ఊళ్ళో డప్పు కొట్టనంటే ఏమవుతుంది అన్నది ప్యాకేజీలో ఉండదు కదా.

ఊరికి సైకిలు మీద పోయేవాళ్ళు ఏం చూస్తారు? తారురోడ్డు ఎటు తీసుకుపోతే అది చూస్తారు. మెయిన్ రోడ్డు దిగగానే ఊరి ఆర్చి, ఆ తర్వాత విగ్రహాలు, పాల కేంద్రం, రామాలయం, పాత మేడలు. అక్కడ ఎవరో ఒకరు మజ్జిగిస్తారు. "ఆహా, పల్లెటూరి మర్యాద" అని రాసుకుని వెనక్కి తిరుగుతారు. సిమెంటు రోడ్డు ఆగిపోయి, మురుక్కాలవ దాటి, చెరువు గట్టు పక్కన ఇంకో ఊరు ఉంటుంది. ఆ ఊరి పేరు ఏ మ్యాపులోనూ పెద్దక్షరాల్లో ఉండదు. మాల మాదిగ పల్లెల్లోకి టూరు బస్సు రాదు సరే, టూరు సైకిలు కూడా రాదు. వాళ్ళు ఏం పాడుకుంటారు, ఏం వండుకుంటారు, చచ్చినోళ్ళని ఎలా సాగనంపుతారు, క్రిస్మస్ ముందు రాత్రి నక్షత్రం కట్టడానికి పిల్లలు ఏ చెట్టెక్కుతారు, ఇదంతా సంస్కృతి లెక్కలోకి రాదు. మా తాత ముతక పంచెలు నేసేవాడని మా నాయనమ్మ చెప్పేది. తెలుగు నేల మీద ముతక బట్ట నేసినవాళ్ళలో మాలలు ఎంతమందో. చేనేత మ్యూజియాల్లో నాకు ఆ మగ్గం ఇంతవరకు కనపడలేదు.

అందుకని మేం ప్యాకేజీలు పక్కన పెట్టి మా అవసరాలు రాసుకున్నాం. నా మోకాళ్ళకి ఎత్తులు పనికిరావు. ముగ్గురికీ కలిపి పన్నెండు వేలు దాటకూడదు. పగటి పూట ఆడమనిషి పోయి రాదగ్గ బాత్రూము దారిలో ఉండాలి (ఇది మగ సైక్లిస్టులు రాసే యాత్రా వ్యాసాల్లో ఎప్పుడూ కనపడదు, గమనించారా). తినేది దాచుకుని తినే పని ఉండకూడదు. పడుకునే చోట ఇంటిపేరు మీద విచారణ జరగకూడదు.

ఆఖరిది ఊరికే రాసుకోలేదు. ఒక హోమ్‌స్టేకి నేనే ఫోన్ చేశాను. ఏ ఊరో ఎవరో చెప్పను. పెద్దాయన చాలా మర్యాదగా మాట్లాడాడు. ఎంతమంది, ఏ రోజు, కారం తింటారా అన్నీ అడిగి, "మరేం అనుకోకండమ్మా, ఇంట్లో పెద్దవాళ్ళున్నారు, వంటిల్లు ఒకటే. మీరేవిట్లు?" అన్నాడు. చెప్పాను. ఆ తేదీల్లో గది ఖాళీ లేదని అప్పుడు గుర్తొచ్చిందాయనకి. సాయంత్రం మా రైల్వే ఆవిడ తన నెంబరు నుంచి చేసి, ఎవరో తోటి ఉద్యోగి ఇంటిపేరు తగిలించుకుని అడిగితే గది ఖాళీగానే ఉంది, పైగా పెసరట్టు ఉచితం. పెసరట్టు సంగతి చెప్పి మా ఆవిడ గంటసేపు నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఇక ఊళ్ళ సంగతి. అరకు అంటే మా పిల్లకి ప్రాణం. ఘాట్ రోడ్డు నేను తొక్కలేను, అది ఒక కారణం. ఇంకోటి, అక్కడ రిసార్టుల ముందు పర్యాటకులు అడిగినప్పుడల్లా ధింసా ఆడించడం నేను ఒకసారి చూశాను. పెళ్ళికో పండక్కో చేతులు పట్టుకుని ఆడే ఆట. భోజనాలకి ముందు ఇరవై నిమిషాలు, డబ్బులిచ్చినవాళ్ళు మధ్యలో దూరి సెల్ఫీలు. హంపీ వద్దనుకున్నాం, జనం ఎక్కువ, దూరం.

కేరళ మీద మాత్రం చాలా రోజులు మనసు లాగింది. మీలో కొంతమంది కోవళం బీచికి వెళ్ళే ఉంటారు. ఆ బీచికి దగ్గర్లోనే వెంగానూరు ఉంది. అయ్యంకాళి పుట్టిన ఊరు. 1893లో ఆయన ఒక ఎడ్లబండి కొని, తెల్లబట్టలు కట్టి, తలపాగా చుట్టి, పులయవాళ్ళు నడవకూడదన్న రోడ్డు మీద ఆ బండి తోలుకుంటూ పోయాడు. నా దృష్టిలో మనకి సంబంధించిన మొదటి టూరు అదే. రోడ్డు మీద పోవడమే పోరాటమైన టూరు. ఇంకా ఉత్తరానికి పోతే వైకోం. 1924 మార్చి 30న అక్కడ మహాదేవ గుడి చుట్టూ ఉన్న వీధుల్లో అందరూ నడవాలని సత్యాగ్రహం మొదలైంది. గమనించండి, గుళ్ళోకి పోవడానికి కాదు, గుడి చుట్టూ ఉన్న రోడ్డు మీద నడవడానికి. పెరియార్ అక్కడికొచ్చి జైలుకి కూడా పోయాడు. ఏడాదిన్నర దాటాక తేలిందేమిటంటే మూడు పక్కల వీధులు అందరికీ, తూర్పు వైపు కాదు. ఇప్పుడు ఆ బ్యాక్‌వాటర్ల చుట్టుపక్కల విదేశీయులకి అద్దె సైకిళ్ళిచ్చి తిప్పుతున్నారు. చాలా అందమైన దారులు. ఆ సైకిళ్ళ చక్రాలు ఏ మట్టి మీద తిరుగుతున్నాయో వాళ్ళకి ఎవరైనా చెప్తారో లేదో. ఖర్చు లెక్క వేస్తే పన్నెండు వేలు రైలు, అద్దె సైకిళ్ళకే అయిపోయేట్టుంది. వాయిదా వేశాం. కొట్టేయలేదు.

దీనికి ఒక సొంత కారణం కూడా ఉంది. మా ఊళ్ళో మా పల్లె నుంచి బస్సు రోడ్డుకి పోవాలంటే పెద్దబజారు మీదుగా పోవాలి. మా నాన్నకి ఒక పాత అట్లాస్ సైకిలు. ముందు కడ్డీ మీద తుండుగుడ్డ చుట్టి నన్ను కూర్చోబెట్టేవాడు. బజారు మొదట్లో వేపచెట్టు దగ్గరకి రాగానే దిగేవాడు. నన్ను కడ్డీ మీదే ఉంచి నడిపించుకుంటూ రామాలయం దాటేదాకా పోయి మళ్ళీ ఎక్కేవాడు. ఎందుకు దిగావు నాన్నా అంటే "టైర్లో గాలి తగ్గిందమ్మా" అనేవాడు. దిగిన ప్రతిసారీ వంగి, వెనక టైరు బొటనవేలితో నొక్కి చూసేవాడు. నేను నమ్మాలని. గుడి దాటాక ఆ టైర్లోకి గాలి ఎలా వచ్చిందని అడిగే తెలివి నాకు చాలా ఏళ్ళకి గానీ రాలేదు.

మా పిల్ల తొమ్మిదో తరగతిలో ఉండగా బళ్ళో ఆడపిల్లలకి సర్కారు సైకిళ్ళిచ్చింది. అది అదే బజారులో, అదే వేపచెట్టు దగ్గర, అవసరం లేకపోయినా బెల్లు కొట్టుకుంటూ పోయేది. మా అన్నకి గుండె దడ. నాన్న అప్పటికి లేడు.

పుదుక్కోట్టై గురించి చదివింది కూడా ఆ పిల్లే. విద్యార్థి మిత్రులు తెలుసుకోవాల్సిన సంగతి కాబట్టి రెండు మాటలు. తమిళనాడులో బాగా వెనకబడిన జిల్లా. 1991 ప్రాంతంలో అక్కడ అక్షరాస్యత ఉద్యమం నడిచింది, అరివొళి ఇయక్కం అని. అప్పటి కలెక్టరు షీలా రాణి చుంకత్. చదువుతోపాటు ఆడవాళ్ళకి సైకిలు నేర్పించడాన్ని కూడా ఆ కార్యక్రమంలో పెట్టారు. రాతి క్వారీల్లో పనిచేసే ఆడవాళ్ళు, వ్యవసాయ కూలీలు, అంగన్‌వాడీ ఆయాలు, ముస్లిం అమ్మాయిలు, లక్షకు పైగా నేర్చుకున్నారని పి. సాయినాథ్ రాశాడు. ఆడవాళ్ళ సైకిళ్ళు దొరక్క మగవాళ్ళ సైకిళ్ళే కొన్నారట. దాంట్లో ఒక సౌకర్యం కూడా చూసుకున్నారు, ముందు కడ్డీ మీద పిల్లని కూర్చోబెట్టుకోవచ్చు. బస్సు కోసం మగాడి కోసం ఎదురు చూడకుండా నీళ్ళకీ పనికీ బజారుకీ పోగలిగారు. దారిలో వినే మాటలకి కొదవ లేదు, అయినా తొక్కారు.

అక్కడికి పోదామని మా పిల్ల పట్టు. నాకూ ఇష్టమే. కానీ పోయి ఏం చూస్తాం? ముప్పై ఏళ్ళ కిందట సైకిలు నేర్చుకున్న ఆడవాళ్ళు ఇప్పుడు అమ్మమ్మలు. వాళ్ళతో కూర్చుని మాట్లాడితేనే ఆ ప్రయాణానికి అర్థం. మాకు తమిళం రాదు. భాష రాని చోటికి పోతే దారి పొడుగునా చెట్లు చూడటమే. స్థానిక సంస్కృతి అంటే నాకు మాట. బావి దగ్గర, టీ కొట్టు దగ్గర, బస్టాండు బల్ల మీద ఎవరు ఎవర్ని ఏమని పిలుస్తున్నారో వినాలి. ఏరా అంటున్నారా, అయ్యా అంటున్నారా, ఎవరి పిల్లవాణ్ణి ఎవరి ముసలాయన 'అండి' అంటున్నాడో వినాలి. అది తెలుగులో నాకు దొరికినట్టు ఇంకో భాషలో దొరకదు.

అలా తిరిగి తిరిగి మళ్ళీ కృష్ణా డెల్టాకే వచ్చాం. తెనాలిలో రైలు దిగి చీరాలలో రైలెక్కడం. మధ్యలో ఐదు రోజులు.

ఈ దారి మంచిది. నేల పలక లాగా ఉంటుంది, గేర్లతో పని లేదు. ఈ కాలంలో గాలి ఈశాన్యం నుంచి వీస్తుంది, మేం పోయేది ఎక్కువగా నైరుతికి, కాబట్టి గాలి వెనక నుంచి తోస్తుంది. ఎటు నుంచి ఎటు పోవాలో అలా తేల్చాం. చీరాల నుంచి మొదలెడితే ఎదురుగాలి. డిసెంబరుకి వరి కోతలు అయిపోతూ ఉంటాయి, కోయకముందే చల్లిన మినుము మోళ్ళ మధ్యన పచ్చగా లేస్తూ ఉంటుంది. దుగ్గిరాల నుంచి పెదగంజాం దాకా పోయే కొమ్మమూరు కాలవ కట్ట కొన్నిచోట్ల మాకు తోడుంటుంది. ఒకప్పుడు ఆ కాలవలో సరుకు పడవలు నడిచేవి, పెదగంజాం దగ్గర బకింగ్‌హామ్ కాలవలో కలిసి మద్రాసు దాకా పోయేవి. అందమైన కాలవే. 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయి ఈ కాలవల్లోకి నీళ్ళొచ్చాక ఇక్కడి భూమి బంగారమైంది. భూమి ఎవరి చేతుల్లో ఉందో వాళ్ళు మిల్లులు పెట్టారు, కాలేజీలు పెట్టారు, సినిమాలు తీశారు. అదే నీళ్ళలో నాట్లేసిన మన ఆడవాళ్ళకి కాళ్ళకి ఒరుపులు మిగిలాయి. ఇదంతా సైకిలు మీద పోతుంటే కనపడుతుంది. కారులో పోతే కనపడదు, వేగం ఎక్కువ.

మొదటి రోజు వేమూరు మీదుగా భట్టిప్రోలు. బౌద్ధం గురించి మాట్లాడేవాళ్ళు అమరావతి దగ్గర ఆగిపోతారు. భట్టిప్రోలు చూడండి. 1892లో అలెగ్జాండర్ రే అక్కడ స్తూపం తవ్వితే రాతి పేటికలు దొరికాయి, వాటి మీద బ్రాహ్మీ అక్షరాలు, అందులో కుబీరకుడనే రాజు పేరు, దానాలిచ్చిన మామూలు మనుషుల పేర్లు. క్రీస్తు పూర్వం మూడు, రెండు శతాబ్దాల నాటివంటారు. ఆ రాత కొన్ని అక్షరాల్లో మిగతా బ్రాహ్మీకి తేడాగా ఉంటుంది, మన దక్షిణాది లిపుల కథ చెప్పేవాళ్ళు భట్టిప్రోలు లిపి అని ప్రత్యేకంగా చెప్తారు. అంతకు ముందే ఆ స్తూపం ఇటుకలూ రాళ్ళూ రోడ్డుకీ కాలవ పనులకీ వాడేశారు. ఆ దిబ్బకి ఊళ్ళో వాడుక పేరు ఏమిటో తెలుసా? లంజదిబ్బ. ఘంటసాలలో స్తూపానికీ అదే పేరు. రెండు వేల ఏళ్ళ కిందట బిక్షువులు, బిక్షుణులు ఉన్న చోటుకి ఊరు ఆ పేరు పెట్టుకుంది. ఎందుకన్నదానికి తలా ఒక కథ చెప్తారు. 'స్థానిక సంస్కృతి' గురించి ఒక వ్యాసం రాయమంటే నేను ఆ ఒక్క పేరు మీద రాస్తాను.

రెండో రోజు అమృతలూరు మీదుగా చుండూరు, రాత్రికి పొన్నూరు. గొడవ ఇక్కడే మొదలైంది.

1991 ఆగస్టు 6. ఎనిమిది మందిని వెంటాడి నరికి గోతాల్లో కుక్కి కాలవల్లో పడేసిన రోజు. దాని ముందు కథ సినిమా హాల్లో ఒక దళిత కుర్రాడి కాలు ముందు సీట్లోవాడికి తగలడం. ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద ప్రత్యేక కోర్టు ఆ ఊళ్ళోనే పెట్టాలని కొట్లాడి సాధించుకున్నారు. 2007 జులై 31న ఇరవై ఒక్క మందికి యావజ్జీవం పడింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. చదువుకునే పిల్లలకి ఈ తేదీలు నోటికి రావాలని నేను ఎప్పుడూ అంటూంటాను. చీరాల పక్కనే కారంచేడు. 1985 జులై 17. తాగునీటి చెరువు దగ్గర మొదలై ఆరుగురు మాదిగల చావుల దాకా పోయింది. 2025 జులైకి నలభై ఏళ్ళు నిండాయి. ఒకప్పుడు ఒకటి గుంటూరు జిల్లా, ఇంకోటి ప్రకాశం జిల్లా. 2022లో కొత్త జిల్లాలు వచ్చాక రెండూ బాపట్ల జిల్లాలోకే వచ్చాయి. దళిత మహాసభ 1985 సెప్టెంబరులో పుట్టింది మేం రైలు దిగబోయే తెనాలిలోనే. ఇన్ని ఒక్క దారిలో ఉన్నాయి, అందుకే ఈ దారి అన్నాను.

మా పిల్ల చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అంది, "అత్తా, ఇది సెలవా, సంవత్సరీకమా?"

దాని వాదన రాస్తాను, మీలో చాలామందికి అదే ఉంటుంది. "క్లాసులో మనోళ్ళ చావుల మీద పేపర్లు రాస్తున్నాను. ఆగస్టులో సభ, జులైలో సభ, జనవరి పదిహేడున రోహిత్ సభ. సెలవుల్లో కూడా సమాధుల దగ్గరకేనా? నా క్లాసులో పిల్లలు గోవా పోతారు, ఏ చరిత్రా చూడరు, ఊరికే నీళ్ళలో తేలతారు. నాకు ఊరికే నీళ్ళలో తేలాలని ఉంది. అదేం నేరమా?"

నేను ఏదో అనబోయాను. మా రైల్వే ఆవిడ ఆపింది. ఆమె ఇంకా గట్టిగా కొట్టింది. "చుండూరులో మనుషులు బతుకుతున్నారు తెలుసా నీకు? వాళ్ళకీ పెళ్ళిళ్ళున్నాయి, క్రికెట్టుంది, అప్పులున్నాయి. మనం హెల్మెట్లు పెట్టుకుని పోయి, మీ ఇంట్లో ఎవరు పోయారమ్మా అని అడిగితే, అరకులో భోజనం ముందు ధింసా ఆడమన్నవాళ్ళకీ మనకీ తేడా ఏమిటి? చీరాల కాలనీలో ముసలమ్మలు నలభై ఏళ్ళ నుంచి వచ్చిన ప్రతి కెమెరాకీ అదే చెప్పారు. చెప్పిన ప్రతిసారీ ఆ రోజు మళ్ళీ చూశారు. వాళ్ళకి ఏం ఒరిగింది?"

ఆ మాట మీద మేం రెండు రోజులు మాట్లాడుకోలేదు. నేను ఆలోచించాను. తెలుసుకోవడానికి పోవడం వేరు, చూడ్డానికి పోవడం వేరు. నేను మొదటిదానికే పోదామన్నాను. కానీ ఎదుటి మనిషికి ఆ తేడా ఎలా తెలుస్తుంది? గుమ్మం ముందు మూడు సైకిళ్ళు ఆగితే వాళ్ళకి కనపడేది మూడు సైకిళ్ళే. కాబట్టి తేడా చేతల్లో ఉండాలి. చివరికి ముగ్గురం ఇలా ఒప్పుకున్నాం. చుండూరులో రక్తక్షేత్రం దగ్గర ఆగుతాం. సైకిళ్ళు దూరంగా పెట్టి నడిచి పోతాం. ఫొటోలు లేవు, ఎవర్నీ ఏమీ అడగం. ఎవరైనా పలకరిస్తే వాళ్ళు ఏం మాట్లాడితే అదే మాట్లాడతాం, మినుము ధర అయితే మినుము ధర. కారంచేడు ఊళ్ళోకి పోం. అక్కడి నుంచి వచ్చేసినవాళ్ళు వెనక్కి పోలేదు, చీరాలలో విజయనగర్ కాలనీ కట్టుకున్నారు. అక్కడ ఒక కుటుంబం మనవరాలి మొదటి పుట్టినరోజుకి మమ్మల్ని పిలిచింది. మా రైల్వే ఆవిడకి పాత పరిచయం. పిలిచారు కాబట్టి పోతాం. పాపకి గౌను, పెద్దాళ్ళకి తెనాలి నుంచి అరటిగెల. భోజనంలో పెద్దకూర ఉంటుందని ఫోన్లోనే చెప్పారు.

మా పిల్ల ఒక షరతు పెట్టింది. నాలుగో రోజు మొత్తం తనది. బాపట్ల నుంచి పొద్దున్నే బయల్దేరి చీరాల దాటి వాడరేవు సముద్రం దగ్గరకి పోవాలి. ఆ రోజు అంబేడ్కర్ మాట, చట్టం మాట, సభ మాట రాకూడదు. ఎత్తినవాళ్ళు వంద రూపాయలు కట్టాలి. నేను ఎంత కడతానో అని ఇద్దరూ ఇప్పట్నుంచే లెక్కలేస్తున్నారు. అలల్లోకి ఎంత దూరం పోవచ్చో మాత్రం అక్కడి పట్టపోళ్ళనే అడిగి దిగుదామన్నాను. దానికి ఒప్పుకుంది.

ఆ రోజు దారిలోనే స్టువర్టుపురం వస్తుంది. అది వంద రూపాయల కిందకి వస్తుందా రాదా అని ఇంకో చర్చ. ఎరుకల వాళ్ళని పుట్టుకతోనే నేరస్తులని చట్టం చేసి, 1913 ప్రాంతంలో సాల్వేషన్ ఆర్మీ చేతికిచ్చి ఇక్కడ ఒక సెటిల్‌మెంటులో పెట్టింది మద్రాసు ప్రభుత్వం. హెరాల్డ్ స్టువర్ట్ అనే దొర పేరే ఊరి పేరు. ఆ చట్టం 1952లో పోయింది, సినిమాలు పోలేదు. మొన్న 2023లో కూడా ఒకటి వచ్చింది. సైక్లిస్టుల రాతల్లో నేను చూశాను, ఊరి బోర్డు ముందు నిలబడి సైకిలుకి తాళం వేస్తున్నట్టు ఫొటో తీసుకుని, కింద నవ్వు బొమ్మలు. మేం ఆ ఊళ్ళో టీ తాగుతాం. సైకిళ్ళకి తాళాలు వేయం.

ఐదో రోజు వేటపాలెం. 1918లో పెట్టిన సారస్వత నికేతనం గ్రంథాలయం చూడాలని నాకు ఇరవై ఏళ్ళ కోరిక. పాత తెలుగు పత్రికల కోసం పరిశోధకులు ఎక్కడెక్కడి నుంచో వస్తారు. ఆ ఊరే జీడిపప్పుకి పేరు. పప్పు తెల్లగా ఉంటుంది, పెంకులోని జీడి తగిలి ఒలిచే ఆడవాళ్ళ వేళ్ళు నల్లబడి తోలూడతాయి. గ్రంథాలయానికీ బట్టీలకీ ఎంత దూరమో తొక్కి చూడాలి. ఆ పక్కనే జాండ్రపేట, గుంత మగ్గాలు. తుపాను వానకి గుంతలో నీళ్ళు ఊరితే మగ్గం ఆగిపోతుంది, కూలీ ఆగిపోతుంది.

చీరాల గురించి ఒక్క మాట చెప్పి ఆపుతాను. 1921లో మున్సిపాలిటీ పన్నులకి ఎదురు తిరిగి, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య మాట మీద చీరాల పేరాల జనం ఇళ్ళు వదిలేసి ఊరి బయట రామ్‌నగర్ అని పాకలు వేసుకుని నెలల తరబడి ఉన్నారు. అది మన పాఠ్యపుస్తకాల్లో ఉంది, ఉండాలి కూడా. 1985లో ప్రాణాలు చేతిలో పెట్టుకుని పొలాలకి అడ్డంపడి వచ్చిన కారంచేడు మాదిగలు అదే చీరాలలో శిబిరం వేసుకున్నారు. వాళ్ళు మళ్ళీ ఆ ఊరికి పోమని తెగేసి చెప్పారు. రెండూ ఊరు విడిచిన కథలే. రెండోది ఏ తరగతి పుస్తకంలో ఉందో టీచరు ఉద్యోగం చేస్తున్న నాకే ఇంతవరకు కనపడలేదు. మీలో చరిత్ర చదివేవాళ్ళు ఎవరైనా ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి ఒక పని చేయండి. నేను పత్రికలు చూసినంత మేరకు నోట్సు ఇస్తాను.

ఇక పనుల్లోకి. 27 పొద్దున తెనాలిలో దిగుతాం. సైకిళ్ళు ముందు రోజే పార్శిల్ ఆఫీసులో బుక్ చేసి, పెడళ్ళు ఊడదీసి, గోనె చుట్టి, పేరూ స్టేషనూ రాసిన అట్టముక్క కట్టి బ్రేక్ వ్యాన్‌లో వేయించాలి. చిన్న స్టేషన్లలో రైలు రెండు నిమిషాలే ఆగుతుంది, దింపుకోవడం కుదరదు, అందుకే తెనాలి. కాలవ కట్టల మీద సర్కారు తుమ్మ ముళ్ళు ఎక్కువ కాబట్టి రెండు ట్యూబులు, ప్యాచీలు, సొల్యూషను, చేతి పంపు పెట్టుకున్నాం. భట్టిప్రోలులో రాత్రికి మా పాత విద్యార్థిని వాళ్ళ ఇల్లుంది. పొన్నూరులో మాత్రం ఇంకా ఏదీ కుదరలేదు. ఆ చుట్టుపక్కల మన పల్లెల్లో మిత్రులెవరైనా ఉంటే, ముగ్గురు పడుకోడానికి ఒక వరండా, ఒక బాత్రూము చాలు, మెసేజ్ పెట్టండి. బియ్యం మేమే తెచ్చుకుంటాం.

మా రైల్వే ఆవిడ సైకిలుకి వెనక బ్రేకు పట్టడం లేదు. ఆదివారం కొట్టు తెరిస్తే వేయించాలి.